ఖలీల్ భాయ్ నాకివ్వని పర్మిషన్

నిన్న పొద్దున ఖలీల్ భాయ్ కొడుకు ఫోన్ చేశాడు. "చాచా, అబ్బా ఇక లేరు" అన్నాడు.

సగం ఎత్తిన షాపు షట్టర్ మళ్లీ దించేసి బయల్దేరాను.

ఇది చదివే చాలామందికి ఆయన తెలియదు. తొంభైల చివర్లో నల్లగొండలో ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం. మా సేఠ్ మార్కెట్ ధరలు, జిల్లా వార్తలు పెట్టే వెబ్‌సైట్ నడిపేవాడు. నేను ఆఫీసు లెక్కలు రాసేవాణ్ణి. కంప్యూటర్ చూసి చూసి నేర్చుకున్నాను.

సైట్‌లో ఎవరు ఏం చేయొచ్చో ఖలీల్ భాయే సెట్ చేశారు. రైటర్ లాగిన్‌తో రాయొచ్చు. ఎడిటర్ అయితే దిద్దొచ్చు. పేజీ బయటికి వదలాలన్నా, తీసేయాలన్నా, ఇంకొకరికి లాగిన్ ఇవ్వాలన్నా అడ్మినే కావాలి.

అడ్మిన్ ఆయన ఒక్కరే.

అడ్మిన్ ఊరు దాటకూడదని సేఠ్ రూల్. భాయ్ చదువు సర్టిఫికెట్లన్నీ పూచీగా సేఠ్ బీరువాలో ఉండేవి.

ఒకసారి చెల్లెలి పెళ్లికని భాయ్ సేఠ్‌ను బతిమాలి మహబూబ్‌నగర్ వెళ్లారు. ఆ రోజే సైట్‌లో ఆముదాల ధర తప్పు పడింది. సరైన ధర నేను రాశాను, వదిలే పర్మిషన్ నాకు లేదు. సేఠ్ పెళ్లింటి పక్కింటికి ఫోన్ చేయించాడు. భాయ్ విందు మధ్యలో లేచి బస్సెక్కి వచ్చారు. షేర్వానీకి అత్తరు వాసన ఇంకా పోలేదు.

ఒక్క బటన్ నొక్కి, కుర్చీలో అలాగే కూర్చుండిపోయారు.

నన్ను కూడా అడ్మిన్‌ని చేయమని అడిగాను.

"వద్దు యాదగిరీ. నీకు సర్టిఫికెట్లు లెవ్వు గద, సేఠ్ నీ ఇంటి కాగితాలు అడుగుతడు. రాసుకో, దిద్దుకో. గంతే."

అది సాకే, నా మీద నమ్మకం లేదనుకున్నాను. చాలా రోజులు ఆయనతో కలిసి టీకి పోలేదు.

మరుసటి ఏడాది కేతేపల్లిలో ఎరువుల షాపు పెట్టుకుంటానని సేఠ్‌కు చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. నేను పోతే ఏమన్నా ఆగుతుందా అని భాయ్‌ని అడిగాడు.

"ఏం ఆగది సేఠ్. గాయన చేతుల ఏం లేదు. పోనియ్యుండ్రి."

ఆ సాయంత్రమే బయటపడ్డాను. భాయ్ నాకా పర్మిషన్ ఎందుకివ్వలేదో బస్సులో కూర్చున్నాక అర్థమైంది.

నల్లగొండ వెళ్లినప్పుడల్లా భాయ్ అదే గదిలో, అదే కుర్చీలో. ఎప్పుడొస్తావ్ బయటికి అంటే నవ్వేవారు.

"నా జాగల ఎవర్ని కూసోవెట్టాలె, నువ్వే చెప్పు."

సైట్ మూతపడ్డాక గానీ సర్టిఫికెట్లు చేతికి రాలేదు. అప్పటికి వాటితో కొత్త నౌకరీ దొరికే వయసు దాటిపోయింది.

నిన్న మట్టి ఇచ్చి వచ్చాను.

మట్టి కింద నీ ఖబర్ విశాలంగా ఉండాలి భాయ్. అల్లా నీకు గాలీ వెలుతురూ ఉన్న జాగా ఇవ్వాలి.