సూదుల మంచం మీద బొంగరం

బొంగరం చెమటోడ్చి సాధించిన మొదటి విజయం, మోకాళ్లలో సూదులు గుచ్చించుకుని పావుగంట కదలకుండా పడుకోవడం. నవ్వకండి. ఒక్కచోట నిలిచే మనిషి కాదని పెట్టిన పేరది, అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. తన పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి పక్కన మసకగా కనిపించే మచ్చ అతనే.

వాళ్లక్కకు కరెంటు పనిచేసే ఈ తమ్ముడంటే మహా గర్వం. ఆస్పత్రి దీపాలు మావాడివే, సినిమాహాలు ఫ్యాన్లు మావాడివే అని వచ్చేపోయే వాళ్లందరికీ వల్లించేది. నిచ్చెనలు ఎక్కీ ఎక్కీ ఆ తమ్ముడి మోకాళ్లు కాస్తా అరిగాయి. ఇక తమ కరెంటు సామాన్ల కొట్లో బల్ల వెనక కూర్చోమన్నారు అతని కొడుకులు. బొంగరానికి అది ఉరిశిక్ష. అందుకే అక్క దాచుకున్న డబ్బు తీసి, ఆక్యుపంక్చర్ చేసే సూదుల డాక్టరమ్మ దగ్గర చేర్పించింది.

నెల తిరిగింది. ఖర్చు మెట్లెక్కుతూనే ఉంది, తమ్ముడు మాత్రం ఎక్కడం లేదు. పడుకోమన్నది అరగంట కదా, మిగతా పావుగంట ఏమవుతోందని అక్క నిలదీస్తే, మంచినీళ్లు తాగొస్తానని మాయమయ్యాడు.

అక్క తనే వెళ్లి చూసింది. తమ్ముడి మంచం ఖాళీ. సూదులు ముందే తీయించేసుకుని, కుంటుతూ పక్క మంచాల మధ్య తిరుగుతున్నాడు. ఒంటినిండా సూదులతో కదలకూడని ఒకావిడ ముక్కు గోకాడు. ఒక ముసలాయన బుగ్గ మీది ఈగను తోలాడు. వేళ్లు బిగుసుకున్న దర్జీ చెవికి ఫోను ఆనించి నిలబడ్డాడు.

"ఏరా, వీళ్ల ముక్కులు సరే, నీ మోకాళ్లెవరు చూస్తారు?"

"ముక్కు దురదపెడితే ఎంతసేపు ఓర్చుకుంటారక్కా? సగంలో లేచిపోతారు. డబ్బూ దండగ, పొడిపించుకున్నదీ దండగ."

"మరి నువ్వు లేచిందీ సగంలోనే కదరా?"

బొంగరం ఇంకో ఈగ వెంట పడ్డాడు.

ఈ వైద్యం అందరికీ పనిచేస్తుందని తాను చెప్పనంది డాక్టరమ్మ. కానీ ఇదివరకు రెండుసార్లు భయపడి పారిపోయిన దర్జీ, ఇతను వచ్చాకే మానకుండా వస్తున్నాడట. ఇప్పుడు గుండీ కుట్టగలుగుతున్నాడట.

అక్క తమ్ముణ్ని మళ్లీ మంచమెక్కించింది. కుర్చీ లాక్కుని, ఒక చెయ్యి తమ్ముడి గుండెల మీద అదిమిపెట్టి, రెండో చేత్తో మడిచిన పేపరు అందుకుంది.

"ఈగల సంగతి నేను చూస్తా. నువ్వు లేచావో, రేపే కొట్లో బల్ల తుడిపిస్తా."

అలా రోజూ అరగంట పడుకోబెట్టింది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ నిచ్చెన ఎక్కేంత తగ్గింది. ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి చూపించాడు.

డాక్టరమ్మ పొరుగూళ్లో కొత్తగా తెరిచిన వైద్యం గదులకు వైర్లు లాగడానికి వెళ్లాడిప్పుడు. పని ఎప్పుడో అయిపోయిందట. సూదులతో పడుకున్నవాళ్లను వదిలి రాలేకపోతున్నాడట. పద్దెనిమిదో తారీకు, గురువారం, పొద్దుటి బస్సుకు వస్తాడని అక్క వచ్చేపోయే వాళ్లందరికీ చెబుతోంది.