కొలబద్ద చెయ్యి

మా బావమరిదిని పనిచేసే చోట అందరూ కొలబద్ద అని పిలిచేవారు. మా ఆవిడకు స్వయానా తమ్ముడు. వీడియో గేములు ఆడడానికి చేత్తో పట్టుకునే పరికరాలు తయారుచేసే కార్ఖానాలో ఉద్యోగం. అతని వంతు తయారుచేయడం కాదు, పట్టుకోవడం. కొత్త నమూనా ఏది వచ్చినా ముందుగా అతని చేతికి ఇచ్చేవారు. ఒక పూటంతా దానితో ఆడి, చేతికి సుఖంగా ఉందో లేదో చెప్పేవాడు. ఉందంటే అచ్చు పోసేవారు. లేదంటే డిజైనర్లు తలలు పట్టుకునేవారు.

చుట్టాల్లో ఎవరికీ ఇది ఉద్యోగంలా కనిపించలేదు. "ఆడుకుంటే జీతమిస్తారా? మావాడు పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే అది. మాకెవరూ పైసా ఇవ్వలేదేం?" అని మా పెద్దవదిన కనిపించినప్పుడల్లా వేళాకోళమాడేది. పక్కింటాయన అడిగితే ఎలా చెప్పాలో తెలియక నేనొకసారి "పరీక్షలు చేస్తాడండీ" అన్నాను. ఆయన డాక్టరనుకుని మర్నాడు మోకాలు చూపించుకోవడానికి వచ్చాడు.

మావాడు పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే పై గదిలో ఉండేవాడు. మనిషి బక్కపలచన, మాట నెమ్మది. చేతులకు ప్రత్యేకతంటూ ఏమీ లేదు, అదే వాటి ప్రత్యేకత. పెద్దవీ కావు, చిన్నవీ కావు. వేళ్ళు పొడుగూ కావు, పొట్టీ కావు. అతని చేతికి హాయిగా ఉన్న వస్తువు లోకంలో చాలామంది చేతులకు హాయిగా ఉంటుందని ఏళ్ళ తరబడి రుజువైంది. కార్ఖానాలో అతన్ని నిలబెట్టింది ఆ మామూలుతనమే. దాన్ని అతను కంటికి రెప్పలా కాపాడుకునేవాడు. బరువులెత్తడు. అరచేతులు కాయలు కాస్తాయని తోటపని చెయ్యడు. కత్తి ముట్టడు.

"మహారాజుగారి చేతులు కందిపోతాయి, ఆ సంచీ మీరే మొయ్యండి" అనేది నాతో మా ఆవిడ.

"బావ చేతులు పుస్తకాలు మోసి గట్టిపడ్డాయిలే అక్కా" అనేవాడు వాడు, నవ్వకుండా.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం నేను వెల్లకిలా పడుకుని లావుపాటి పుస్తకమొకటి చదువుతున్నాను. వాడొచ్చి మంచం పక్కన కూర్చుని కాసేపు నా చేతుల్నే చూశాడు.

"ఇప్పటికి ఎన్నిసార్లు చేతులు మార్చుకున్నావో తెలుసా బావా?"

"నేను చదువుతున్నాను. లెక్కపెట్టడం లేదు."

"అదే. నీకు తెలీదు. నీ చేతికి తెలుసు." పైకి వెళ్ళి రెండు వస్తువులు పట్టుకొచ్చాడు. ఒకటి కంట్రోలర్, రెండు పక్కలా రెండు పిడులున్నది. రెండోది తెర కూడా అందులోనే ఉండే ఆటయంత్రం. కార్ఖానాలో దాన్ని చేతిపెట్టె అంటారట.

ముందు కంట్రోలర్ ఇచ్చాడు. "ఎక్కడుంది బరువు?"

"అరచేతిలో."

"ఊఁ. మోచేతులు?"

"ఒళ్ళో ఆనుకున్నాయి."

"చూశావా, దాన్ని నువ్వు మొయ్యడం లేదు. చేతుల్లో కూర్చుంది, అంతే. తెర ఎక్కడో గోడ దగ్గరుంది కాబట్టి తలెత్తి చూస్తావు, మెడకీ హాయే. ఇప్పుడు ఇది పట్టుకో."

చేతిపెట్టె పట్టుకున్నాను. ముద్దుగానే ఉంది. కాసేపు ఆడమన్నాడు. నాకు ఆట రాదు, బొమ్మను తీసుకెళ్ళి గోడకు కొడుతూ ఉన్నాను. కాసేపటికే మోచేతులు మడిచి పెట్టెను మొహం దాకా ఎత్తుకున్నాను. అలసిపోతే పెట్టె కిందికి దిగేది, దానితో పాటు నా మెడా వంగేది.

"బొటనవేళ్ళు బొత్తాలు నొక్కాలా, పెట్టెని మొయ్యాలా? రెండూ చెయ్యాలి. చిటికెనవేలు కింద అంచు మీద ఆగాలి. ఇందాక నీ పుస్తకం చేసిన పనే ఇదీ చేస్తోంది. కంట్రోలర్ చేతిలో ఉంటుంది బావా. ఇది చేతికి వేలాడుతుంది."

"మరి జనం దీన్నెందుకు కొంటారు?"

"నువ్వు పడుకుని ఎందుకు చదువుతున్నావు?"

పడుకుని చదివే సుఖం వేరు, చేతి సుఖం వేరు. మొదటి సుఖం కోసం మనుషులు రెండోదాన్ని ఇచ్చేస్తారు. ఆ ఇచ్చేసేదాన్ని వీలైనంత తగ్గించడమే తన పని అన్నాడు. నేను చదివిన పుస్తకాల్లో ఏ మనిషీ తన పనిని ఇంత పొందికగా చెప్పుకున్నట్టు గుర్తులేదు.

ఆ తర్వాత కార్ఖానావాళ్ళు కంట్రోలర్లు తగ్గించి చేతిపెట్టెల మీద పడ్డారు. మావాడికి ఏళ్ళ తరబడి రోజూ అదే పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోచేతులు మడిచి కూర్చోవడం.

మొదట గ్లాసు జారింది. తర్వాత తాళంచెవి. మా ఆవిడ "ఒరేయ్, చేతులకు వెన్న రాసుకున్నావా?" అని కసిరితే నవ్వేశాడు. ఒకనాడు వేడి గిన్నెను ఉత్త చేత్తో పట్టుకుని తాపీగా బల్ల మీద పెట్టాడు. మా ఆవిడ కేక పెట్టింది. వేళ్ళు ఎర్రగా కమిలాయి. "అంత వేడేం లేదక్కా" అన్నాడు. ఆ మాటకు వాడి మొహంలో కదిలిన భయం మా ఇద్దరికీ కనిపించింది. డాక్టర్ దగ్గరికి పోదామంటే "నిద్రలో చెయ్యి ఒంటి కింద పడి తిమ్మిరెక్కింది, అదే పోతుంది" అని పై గదికి వెళ్ళిపోయాడు. డాక్టర్ దగ్గరికి వెళితే డాక్టర్ ఏదో ఒకటి చెప్పేస్తాడని వాడి భయం. చెయ్యి పోయిందని తేలితే వాడికి మిగిలేదేమీ లేదు. చదువు లేదు, మరో పని రాదు. కార్ఖానా పరీక్షగదిలో, ఆ కుర్చీలో, ఆ చెయ్యే వాడు.

కొత్త చేతిపెట్టె నమూనా వచ్చింది ఆ రోజుల్లోనే. వెనక లావుగా, కింద అంచు కాస్త పదునుగా ఉండే పెట్టె. పరీక్షగదిలో అప్పటికి ఇంకో మనిషి చేరింది, కొత్తమ్మాయి అనేవారు. ఆమె పట్టుకుని ఆడి, "అన్నా, కింద అంచు చిటికెనవేలిని కోస్తోంది. నీకు లేదా?" అంది.

మావాడు మళ్ళీ పట్టుకున్నాడు. అంచు ఉన్న చోట వాడికి ఏమీ లేదు. నొప్పి లేదు, అంచూ లేదు. పైగా ఆ లావు, పట్టు తప్పుతున్న వేళ్ళకు ఆసరాగా ఉంది. చాలా నెలల తర్వాత ఒక వస్తువు చేతిలోంచి జారకుండా నిలబడింది.

"చేతిలో కూర్చుంది" అన్నాడు. వాళ్ళ గదిలో అదే ఆఖరిమాట. కొలబద్ద సరే అన్నాక తప్పు తన వేలిదే అనుకుందట కొత్తమ్మాయి.

పెట్టె బజారుకెళ్ళింది. కొన్నవాళ్ళు కొన్నట్టే వెనక్కి తేవడం మొదలుపెట్టారు. అరగంట ఆడితే వేళ్ళు మొద్దుబారుతున్నాయని, అంచు గీరుకుపోతోందని. కార్ఖానా పెద్దసారు మావాణ్ణి రమ్మని కబురు పెట్టాడు. "నువ్వు తోడు రా బావా" అన్నాడు. అలా ఎప్పుడూ అడిగినవాడు కాదు.

పరీక్షగది మేడ మీద, కిటికీలు లేని గది. రెండు కుర్చీలు, గోడకు తెర, మూల చేతులు కడుక్కునే తొట్టి, పక్కన గాజు అల్మారా. పెద్దసారు తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. అల్మారా తెరిచి, ఇన్నేళ్ళలో మావాడు సరే అన్న వస్తువులన్నీ తీసి పొడుగుబల్ల మీద వరుసగా పేర్చాడు. మొదటి కంట్రోలర్ నుంచి ఆఖరి చేతిపెట్టె దాకా.

"మీది మామూలు చెయ్యే కదండీ, మీరోసారి వరసగా పట్టుకోండి" అన్నాడు నాతో.

పట్టుకున్నాను. మొదటివాటిలో నా చేతులు అడక్కుండానే వెళ్ళి కూర్చున్నాయి. అంత హాయిగా ఉన్న వస్తువును నేను చాలాకాలంగా ముట్టుకోలేదు. బల్ల మధ్యకొచ్చేసరికి పిడులు కాస్త లావెక్కాయి. ఇంకా ముందుకెళితే వేళ్ళు చాలడం లేదు. బొత్తాలు బిరుసెక్కాయి, గట్టిగా నొక్కితే గాని కదలవు; మొద్దుబారిన వేలికి అలాగైతేనే నొక్కినట్టు తెలుస్తుంది. ఆఖరిదాన్ని పట్టుకోగానే కింద అంచు వేలిలో దిగింది. ఉలిక్కిపడి కింద పెట్టేశాను.

"ప్రతిసారీ ఏం చేశాం? నిరుటిది ఓ చేత్తో, కొత్తది ఓ చేత్తో ఇచ్చి, ఏది నయం అనడిగాం" అన్నాడు పెద్దసారు. "ఏ రెండు పక్కపక్కనా చూసినా తేడా తెలీదు. ఇలా పేరిస్తేగాని కనబడలేదు. కొలబద్దని మాత్రం ఎవరం కొలవలేదు."

కొత్తమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది. మావాడు బల్ల చివర నిలబడి ఆ వరుసను చూస్తున్నాడు. జబ్బు ఎప్పుడు మొదలైందో, ఏ ఏట వేళ్ళలో సత్తువ తగ్గిందో, ఎప్పుడు స్పర్శ పోయిందో అన్నీ అక్కడ ప్లాస్టిక్‌లో పోసి ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచుకున్నదాన్ని కార్ఖానా అచ్చు పోసి లోకమంతా అమ్మింది.

"నాకు హాయిగానే ఉంది సార్" అన్నాడు చివరికి. "అబద్ధం చెప్పలేదు. నిజంగా హాయిగానే ఉంది."

"తెలుసయ్యా" అన్నాడు పెద్దసారు. "అదే కదా."

మెట్లు దిగుతుంటే కొత్తమ్మాయి వెంట వచ్చింది. "నేను గట్టిగా చెప్పుండాల్సింది అన్నా."

"చెప్పినా వినేవాణ్ణి కాదమ్మా" అన్నాడు. "పట్టుకున్నప్పుడు పక్కవాళ్ళ మాట వినకూడదని నీకు నేర్పిందే నేను."

డాక్టర్ దగ్గరికి పోదామంటే ఇక కాదనలేదు. ఆయన చేతులు తిప్పి చూసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగిపోయి పడ్డ గుంటను చూపించాడు. మోచేతి దగ్గర ఒక నరం, మణికట్టు దగ్గర ఒక నరం నలిగిపోయాయన్నాడు. రెండు చేతులకూ. "ఏళ్ళ తరబడి ముడిచి కూర్చున్నట్టున్నారు. ఏం పని మీది?" అని అడిగాడు. మావాడు నా వైపు చూశాడు.

ఆపరేషన్ చేశారు. నరం మీద ఒత్తిడి తీసేశాం గాని పోయిన స్పర్శ తిరిగొస్తుందని చెప్పలేమన్నారు. తిరిగి రాలేదు. కార్ఖానాలో ఇప్పుడు రకరకాల మనుషుల్ని పిలిచి గుంపుగా కూర్చోబెట్టి పట్టించి చూస్తున్నారట. మావాడి కుర్చీ తీసేశారని కొత్తమ్మాయి ఫోన్‌లో చెప్పింది. మా ఆవిడ స్పీకర్ పెట్టింది. వాడు పక్క గదిలోనే ఉన్నాడు, విన్నట్టు కనబడలేదు.

నాకు తోచింది ఒకటి చేశాను. కంట్రోలర్‌నూ చేతిపెట్టెనూ తెచ్చి వాడి ముందు కూర్చుని, "నేను పట్టుకుని ఎలా ఉందో చెప్తాను, నువ్వు విను. మనిద్దరం కలిస్తే ఒక చెయ్యవుతుంది" అన్నాను. వాడు సరే అన్నాడు. జీవితమంతా మాటలతో కాలక్షేపం చేసినవాణ్ణి కదా, చెప్పగలననుకున్నాను. మెత్తగా ఉందన్నాను, నిండుగా ఉందన్నాను, ఎడమ బొటనవేలు కాస్త చాచాల్సి వస్తోందన్నాను.

"ఎంత చాచాలి?"

"కాస్త."

"వేలు లాగుతోందా, దానంతటదే వెళుతోందా?"

మళ్ళీ చాచి చూశాను. రెండింటికీ తేడా నా వేలికి తెలియలేదు.

వాడు నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. "వదిలెయ్ బావా. నువ్వు చెప్తుంటే నాకు మాటలే వినబడుతున్నాయి" అన్నాడు. లేచి, రెండింటినీ ముంజేతులతో దగ్గరికి నెట్టి, గుండెకు ఆనించి ఎత్తుకుని లోపల పెట్టొచ్చాడు. వేళ్ళు వాడలేదు.

రెండు చేతులకూ పట్టీలు కట్టుకోవాలి, ముడుచుకుపోకుండా. అరచేతి మీదుగా తిప్పి బిగించే పట్టీలు. తనంతట తాను కట్టుకోలేడు. పొద్దున్నే వంటింట్లో స్టూలు మీద కూర్చుని చేతులు చాపుతాడు. మా ఆవిడ కడుతుంది. వదులైతే పని చెయ్యదు, బిగిస్తే రక్తం ఆగుతుందని డాక్టర్ హెచ్చరించాడు.

మొదట్లో మా ఆవిడ అలవాటుగా అడిగేది, "బిగుతుగా ఉందా రా?"

వాడు చాలాసేపు ఆలోచించేవాడు. నిజంగానే వెతికేవాడు. ఒకరోజు అలా వెతికి వెతికి తల దించుకున్నాడు.

"నన్నడక్కక్కా. గోళ్ళ రంగు చూసి కట్టు."

అప్పట్నుంచి ఆవిడ అడగడం మానేసింది. పట్టీ బిగించి, వాడి వేళ్ళు వెలుతురుకేసి పట్టుకుని, గోళ్ళు నీలం తిరుగుతున్నాయేమోనని చూస్తూ నిలబడుతుంది. వాడు గోడవైపు చూస్తుంటాడు.