బాపమ్మ గోడకు కట్టిన స్పీకరు

నా చిన్నప్పుడు మాట దాచుకోవడానికి మా ఇంటి తెలుగే తాళం, వేరే తాళంచెవితో పని ఉండేది కాదు. నాందేడ్‌లో మా వీధి వీధంతా మరాఠీ వ్యాపారుల ఇళ్లు; తెలుగు మాట్లాడే కొంప మాదొక్కటే. బజారుకు పోతే మరాఠీ, టాంగావాడితో బేరమాడితే దక్కనీ ఉర్దూ, ఇంటికొచ్చి చెప్పులు విడిచాక తెలుగు. పక్కింటి అక్క మరాఠీ పిల్లే. కానీ మా బాపమ్మ, అంటే మా నాన్నమ్మ, ఒడిలో ఆడుకుంటూ పెరిగి నా కంటే ముద్దుగా తెలుగు మాట్లాడేది. వాళ్లింట్లో ఇంకెవరికీ తెలుగు ముక్క రాదు. అందుకే ఇంట్లో చెప్పలేని మాటేదైనా ఉంటే మా బాపమ్మ మంచం దగ్గరికి వచ్చి తెలుగులో చెప్పుకుని పోయేది. తెలుగులో దాచిన మాట ఎవరికీ దొరకదని ఆమె నమ్మకం.

బాపమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని వెనక గదిలో మంచం పట్టింది. వీధి చప్పుడు కూడా ఆ గదిలోకి రాదు. "మనిషి గొంతు ఇనక నా చెవులకు బూజు పట్టిందే పిల్లా" అని ఒకనాడు కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకప్పుడు పదకొండేళ్లు. ఆ ఏడుపు చూడలేక తిన్నగా మా కాకా దగ్గరికి పరుగెత్తాను.

కాకా అంటే మా నాన్న తమ్ముడు. మా ఇంటిని ఆనుకునే ఉన్న గదిలో మైకు సెట్ల దుకాణం నడిపేవాడు. పెళ్లిళ్లకూ గణపతి మండపాలకూ లౌడుస్పీకర్లు కిరాయికి ఇచ్చేవాడు. ఆ గది పక్కింటి అక్క వాళ్ల నాన్నది. ఖాళీ చెయ్యమని ఆయన అప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడు. ఆ సంగతి ఇక్కడ చెబుతున్నది ఊరికే కాదు.

దుకాణంలో రేడియో ఉంది, దాని పాట బాపమ్మ గదికి చేరాలి. అంతే నా కోరిక. కానీ చెక్కపెట్టె స్పీకరు ఆ గోడకు ఆగదు. అది మట్టిగోడ, మేకు కొడితే పిడికెడు మన్ను రాలుతుంది. కాకా కాసేపు తల గోక్కుని, "పోయిన గణపతి మఖర్ ఏడున్నది?" అన్నాడు. మఖర్ అంటే గణపతి వెనక అలంకారం. మేం థర్మాకోల్‌తో చేసి, నిమజ్జనం అయ్యాక అటక మీద పడేసేవాళ్లం. దాన్ని దించి వెడల్పాటి పలక ఒకటి కోశాం. పరదా చిరిగిపోయిన పాత స్పీకరు ఒకదాని లోపలి నుంచి రాగి తీగ చుట్టను ఊడదీశాం. పలక నడుమ దాన్ని అంటించడానికి నేను తెలివి చూపించి సైకిలు పంక్చరు సొల్యూషన్ రాశాను. బుస్సుమని థర్మాకోల్ కరిగి గుంట పడింది. కాకా పడీపడీ నవ్వి, "అక్కల్ తక్కువైనా ఆత్రానికి తక్కువ లేదు బేటా" అన్నాడు. అక్కల్ అంటే తెలివి. రెండో పలకకు తెల్ల జిగురు వాడాం. అయస్కాంతాన్ని వెదురుబద్దకు బిగించి, తీగ చుట్ట దానిలో ఒరుసుకోకుండా వెంట్రుకవాసి సందు వదిలి, పలకను నాలుగు మూలలా దారాలతో బద్దలకు కట్టాం. మొత్తం కలిపి కిలో బరువు లేదు. రెండు సన్నమేకులకే హాయిగా వేలాడింది. పైన పతంగి కాగితం అంటించింది నేను. వసారా చూరు వెంట దుకాణం దాకా వైరు గుంజిందీ నేనే.

నడుమ ఒక గమ్మత్తు కూడా చూపించాడు. నన్ను హెడ్‌ఫోన్ పెట్టుకుని దుకాణంలో కూర్చోమని, తాను గదిలోకి పోయి ఆ పలక ముందు నిలబడి నా పేరు పిలిచాడు. పిలుపు నా చెవిలో పడింది! "మాట పోయిన తొవ్వలనే మాట మర్లి వస్తది. స్పీకరుకు నోరే కాదు, చెవి గూడ ఉంటది" అన్నాడు వచ్చి. బాపమ్మ ఎప్పుడైనా పిలిస్తే వినబడాలని దానికొక మీట కూడా పెట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. మా కాకా అంత తెలివైనవాడు జిల్లాలోనే లేడనుకున్నాను.

ఆ సాయంత్రం గోడ పాడింది. బాపమ్మ రెండు చేతులూ పైకెత్తి దానికి దండం పెట్టి, తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని బుగ్గలు పుణికింది. ఆ సంతోషం చూడాలే గానీ చెప్పలేను.

నెల తిరక్కుండానే పక్కింటి అక్క వచ్చి బాపమ్మ మంచం మీద కూర్చుంది. నేను కాళ్ల దగ్గర పత్తి ఒత్తులు చేస్తున్నాను. "బాపమ్మా, మంగళారం నాకు ములాఖత్ ఉంది. పొద్దుగాల మొదటి బస్సుకే పోత. ఇంట్ల మావషి ఊరికని చెప్పిన. నువ్వు ఎవ్వలకు చెప్పకు" అంది. పంతులమ్మ ట్రైనింగు కాలేజీకి వాళ్ల నాన్నకు తెలియకుండా ఫారం పంపిందని నాకు ముందే తెలుసు. మరాఠీలో ఇంటర్వ్యూను ములాఖత్, పిన్నిని మావషి అంటారు. బాపమ్మ ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, "పో బిడ్డా, గెలిచి రా" అంది. అక్క పోతూ పోతూ నా నోటి మీద వేలు పెట్టి నవ్వింది.

ఆదివారం నాడు పక్కింట్లో కేకలు. అక్కను గదిలో పెట్టి గొళ్లెం వేశారు. సోమవారం పొద్దున సందులోని కిటికీ దగ్గరికి వెళ్తే ఆమె ముఖం వాచి ఉంది. "నువ్వే చెప్పినవ్. నువ్వు, బాపమ్మ, నేను. ఇంకెవరున్నరు ఆడ?" అంది. గణపతి మీద ఒట్టు వేశాను, బాపమ్మ మీద ఒట్టు వేశాను. ఆమె కిటికీ రెక్క మూసేసింది. చెయ్యని తప్పుకు నింద పడితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఏడుస్తూ దుకాణంలోకి పోయాను. కాకా లేడు. బల్ల మీద హెడ్‌ఫోన్ పడి ఉంది. అందులోంచి సన్నగా టక్ టక్ మని చప్పుడు. అది మా బాపమ్మ చిన్న ఇనుపరోట్లో తమలపాకు దంచుకునే చప్పుడు. పుట్టినప్పటి నుంచి విన్న చప్పుడది. మీట చూస్తే పాట వైపు లేదు, వినే వైపు ఉంది.

కాకా లోపలికి వచ్చి నా ముఖం చూశాడు. దాచలేదు. "ములాఖత్ అన్నది, మొదటి బస్సు అన్నది, ఇంట్ల చెప్పకు అన్నది. ఎవనితోనో పోతుందనుకున్న. ఆడపిల్ల బతుకు ఖరాబ్ కావద్దని వాళ్ల నాయనకు చెప్పిన" అన్నాడు. దక్కనీలో ములాఖత్ అంటే కలుసుకోవడం కదా, అలాగే తీసుకున్నాడు మహానుభావుడు. అక్క అదే మాట మరాఠీలో అని ఉంటే ఇంటర్వ్యూ అని ఇట్టే పట్టేవాడు. దాక్కోవడానికని తెలుగులోకి వచ్చి తెలుగులోనే దొరికిపోయింది.

"అది కాలేజీ ములాఖత్ కాకా! రేపే! ఇప్పుడే పోయి చెప్పు!" అని కాళ్లు పట్టుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "నువ్వు ఎట్ల ఇన్నవని అడుగుతరు కదనే. దోస్తులు ఆ పిల్లను బస్టాండుల చూసిండ్రని చెప్పిన నేను" అని నసిగాడు. గది ఖాళీ చెయ్యమన్న మాట దాంతో ఆగిపోయిందని కూడా అప్పుడే ఆయన నోటి నుంచే జారింది. "పొద్దుగూకినంక పోయి చెప్త, ఏడ్వకు" అన్నాడు. నమ్మాను. ఎందుకు నమ్మనూ, మా కాకా కదా!

నేనే ముందు ఉరికి పక్కింటాయన ముందు నిలబడి అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "చిన్న పిల్లవు, నీకు మా పిల్ల నేర్పింది. మీ కాకాను వచ్చి చెప్పమను, వింటాను" అన్నాడు మరాఠీలో. ఎంత న్యాయమైన మాట! రెక్కలు కట్టుకుని వెనక్కి వచ్చాను. దుకాణానికి తాళం ఉంది. బిలోలిలో పెళ్లికని సెట్టు వేసుకుని మధ్యాహ్నమే బయలుదేరి పోయాడట. మూడు రోజులు రాలేదు. మంగళవారం మొదటి బస్సు అక్క లేకుండానే పోయింది.

బాపమ్మకు చెప్పాను. ఆమె గోడవైపు చూసి, "గోడలకు చెవులుంటయంటరు. నా గోడకు చెవి కడుపుల పుట్టినోడే పెట్టిండు. తీసెయ్యి" అంది. తీసి విరగ్గొట్టాను. తెల్లటి పూసలు గదంతా ఎగిరాయి, ఎంత ఊడ్చినా పోలేదు. మళ్లీ పాట వినకుండానే బాపమ్మ ఆ గదిలో పోయింది. కాకా తర్వాత నాకు గాజులు తెచ్చాడు, మిఠాయి తెచ్చాడు. తిన్నాను, తొడుక్కున్నాను, ఆయనతో మళ్లీ మనసిచ్చి మాట్లాడలేదు.

అక్కను నాయ్‌గావ్‌లో మేనమామ ఇంటికి పంపేసే రోజున పరుగెత్తిపోయి, చెప్పింది నేను కాదు స్పీకరని మొత్తం వివరించాను. శ్రద్ధగా విన్నది. "సరే చెల్లె, నువ్వు చెప్పలె. గని వైరు గుంజింది నువ్వే గద" అంది. తిట్టినా బాగుండేది.

నిరుడు మా మనవరాలు నా గదిలో గోడకు మాట్లాడే డబ్బా ఒకటి తగిలించింది. పాట అడిగితే పాడుతుంది, ఎండ ఎంతో చెబుతుంది. ముచ్చటగానే ఉంది. "దీని వైరు ఎక్కడికి పోయిందే?" అని అడిగాను. "వైరే ఉండదు బాపమ్మా" అని నవ్వింది. ఆనాటి వైరు కనీసం నా చేత్తో గుంజినది, చివర ఎవరున్నారో కనుక్కోగలిగాను.

మొన్న అదే పిల్ల ముఖం వేలాడేసుకుని వచ్చి నా మంచం మీద కూర్చుంది. "బాపమ్మా, ఒక ముచ్చట చెప్త, ఎవ్వలకు చెప్పద్దు" అంది. మోకాళ్లు నొప్పులని కూడా చూడకుండా లేచాను. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి, నల్లా విప్పి, బకెట్లో నీళ్లు దడదడ పడుతుండగా దాన్ని బట్టల బండ మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఇప్పుడు చెప్పు బిడ్డా" అన్నాను.