గడ్డిమంట దగ్గర జరిగిన కచేరీ

అరవయ్యో దశకం మొదట్లో, మబ్బు పట్టిన ఒక సాయంత్రం, మద్రాసులో సంగీతం నేర్చుకుంటున్న పర్షియా వాద్యకారుడొకాయన కావలిలో మా సభకు కచేరీ చేయడానికి వచ్చాడు. సభకు అధ్యక్షుడు మా మామగారు. నాకు ఇంగ్లీషు వచ్చు కనుక అతిథి మాటలు తెలుగులో, మన మాటలు ఆయనకు ఇంగ్లీషులో చెప్పడం నా పని.

ఆయన వాద్యం జల్లెడలా గుండ్రటి చెక్కచట్రం, దాని మీద బిగించిన తోలు. సముద్రపు గాలికి తోలు మెత్తబడి మోగడం లేదు. "నిప్పు కావాలి" అన్నాడు.

ఆయన్ని స్టేషను నుంచి హాలు దాకా తప్పెటలతో తీసుకొచ్చిన అన్నదమ్ములిద్దరూ హాలు వెనక గడ్డి మంటేసి, సాగనంపేటప్పుడు వాయించడానికి తప్పెటలు కాచుకుంటున్నారు. అతిథి వాళ్ల పక్కనే గొంతుక్కూర్చుని తన వాద్యాన్ని కాచాడు. అన్న దాన్ని వేలితో మీటి చూసి, "ఇంకా కాగాల దొరా" అన్నాడు. ఆ మాటకు నా అవసరం రాలేదు.

"వీళ్లిద్దరూ నాతో వేదిక మీద వాయించాలి" అన్నాడు అతిథి.

మామగారికి చెప్పాను.

"తప్పెటోళ్లు వేదికెక్కేదేంది అల్లుడా? మృదంగం పక్కన కూసుంటారా?"

"ఆయన వాయించేదీ తప్పెటే కదండీ."

"ఆయనది పరాయి దేశం. మనకెందుకు?"

ఇది ఇంగ్లీషులో చెప్పాలి. "ఇక్కడి ఆచారం ఒప్పుకోదు" అన్నాను, నేల చూస్తూ.

ఆయన కోప్పడలేదు. చిన్నప్పుడు ఈ వాద్యం మోత వెంటపడి వెళ్లి ఫకీర్ల వాకిట్లో నిలబడితే, తల్లి చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చిందట. "మా అమ్మ కూడా ఇదే మాట అంది" అన్నాడు. ఆమెకు తెలియకుండా నేర్చుకున్నాడట. ఇతర దేశాల వాద్యాలతో కలిసి వాయించాలనే ఇంత దూరం వచ్చాడట. అలా చెప్పి మళ్లీ మంట దగ్గరకెళ్లి కూర్చున్నాడు.

ముగ్గురూ అక్కడే మొదలుపెట్టారు. హాల్లో జనం ఒక్కొక్కరే లేచి బయటికొచ్చారు. మామగారు మాత్రం ముందు వరసలో, ఖాళీ వేదికకు ఎదురుగా ఉండిపోయారు. నేను ఆయన్ని పిలవనూ లేదు, ఆయన పక్కన కూర్చోనూ లేదు.

వాయించడం ఆగాక అన్న నన్నడిగాడు. "సామీ, వాళ్ల ఊళ్లో ఇది ఎవురు వాయిస్తారో అడగండి."

అడిగాను. "ఇష్టమైనవాళ్లు" అన్నాడు అతిథి.

అంతమంది ముందు ఆ ఒక్క మాట తెలుగులో చెప్పబోతూ హాలు వైపు చూశాను. చివరికి చెప్పాను.

అన్న తమ్ముడి వైపు చూసి నవ్వాడు. "మమ్మల్ని ఓదార్చేదానికి అబద్ధాలు చెప్పబాకండి సామీ" అన్నాడు.