తియ్యమంటే తీసేసింది

మా బావకి మా వీధిలో ఒక పేరుంది: అయిపోయిందిగారు. కంప్యూటర్ బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్ళు "ఏమైందండీ దీనికి?" అని అడిగితే ఆయన చెప్పేది ఒకటే మాట, "అయిపోయింది." పని అయిపోయింది, పట్టుకెళ్ళండి అని ఆయన ఉద్దేశం. కొత్తవాళ్ళకి మాత్రం గుండె గుభేలుమంటుంది. ఒకావిడ తన కంప్యూటర్‌కి నూకలు చెల్లాయనుకుని కొట్లోనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

మా ఇద్దరిదీ ఒకటే కొట్టు. తలుపుకి ఇటువైపు బల్ల నాది: ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు, ఫ్యాన్లు. అటువైపు బల్ల బావది. ఆయన మొదట్లో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఒక దర్జీ కొట్లో కంప్యూటర్‌తో నడిచే ఎంబ్రాయిడరీ మిషన్ మొండికేస్తే ఈయన్ని పిలిచారు. తీరా చూస్తే మిషన్ లక్షణంగా ఉంది, మొరాయించింది కంప్యూటర్. ఇంకొకడైతే నాకు తెలియదని లేచి వచ్చేవాడు. ఈయన అక్కడే కూర్చుని, ఏ మీట నొక్కితే ఏమవుతుందో నొక్కి నొక్కి చూశాడు. ఉన్నది ఇంకాస్త చెడగొట్టాడు. చెడగొట్టినదాన్ని సరిచేసే వంకన మొత్తం నేర్చుకున్నాడు.

అలా నేర్చినవాడికి విద్యంతా వేళ్ళలోనే ఉంటుంది. "ఎలా చేశావు బావా?" అని అడిగితే తెరవైపు చెయ్యి చూపించి "ఇదిగో, ఇలా" అంటాడు. ఆ "ఇలా"లో నాలుగు మీటలూ ఒక కనుసైగా ఉంటాయి. చూసి నేర్చుకోవాలి తప్ప విని నేర్చుకోలేం. నాకూ అదే ఇష్టం. చేతిలో పని లేనివాడే నోటితో చేస్తాడని నా నమ్మకం. ఆ నమ్మకానికి మా అక్క ఉద్యోగం వల్ల, చిల్లుగిన్నెకి వేసినట్టు ఒక మాటు వేయాల్సి వచ్చింది.

అక్క, అంటే బావ భార్య, ఇన్నేళ్ళూ ఇంట్లో బట్టలు కుట్టింది. పిల్ల పెద్దదై తన దారి తను చూసుకున్నాక, "కూర్చుని కూర్చుని నడుం కుర్చీ అయిపోతోంది, నలుగురిలో పడతాను" అని పార్సిల్ ఆఫీసులో కౌంటర్ మీద చేరింది. పార్సిల్ తూచి, చిరునామా కంప్యూటర్‌లో కొట్టి, రసీదు ఇవ్వడం పని. అయితే చేర్చుకున్నది ఖాయంగా కాదు. నెలాఖరు దాకా చూసి అప్పుడు చెప్తామన్నారు.

నెల సగం గడిచేసరికి అక్క మొహం మాడిపోయింది.

"ఆ కంప్యూటర్ కిటికీ నా ప్రాణాలు తోడేస్తోందిరా తమ్ముడూ," అంది. పార్సిల్ రాసే పేజీ తెరిస్తే తెర నిండా రాదట. మూలన అగ్గిపెట్టెంత వస్తుందట. లాగి పెద్దది చేసుకుంటే, తర్వాతి పార్సిల్‌కి మళ్ళీ అగ్గిపెట్టే. పోనీ మూసేద్దామంటే మూసుకోదట. గుణకారం గుర్తు మీద ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు, పలకదు. ఇక కంప్యూటరే ఆపేసి మళ్ళీ పెట్టాలి. ఈలోగా కౌంటర్ ముందు జనం గొణుగుడు.

"మేనేజర్ మంచాయనే. కసరడు. 'కళ్ళు ఒకసారి చూపించుకోండమ్మా' అన్నాడు. తిట్టినా బాగుండేది. చూపు ఆనట్లేదనుకుంటున్నాడు. నెలాఖరుకి కళ్ళు బాగున్న పిల్లని చూసుకుంటాడు."

"రేపొచ్చి చూస్తాలే," అన్నాడు బావ.

"మీరు రాకండి బాబూ! 'ఆవిడకి చేతకాకపోతే మొగుడొచ్చి చేసి పోతాడు' అంటారు. ఆ పేరుతో ఉద్యోగం నాకొద్దు. ఫోన్‌లో చెప్పండి, నేను చేసుకుంటాను."

బావ నావైపు చూశాడు, ఈత రానివాడు నూతివైపు చూసినట్టు.

మర్నాడు జనం పలచబడ్డాక అక్క కొట్టుకి ఫోన్ చేసింది. బావ స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద నిలబెట్టాడు. చేతిలో ఏదో ఒక పనిముట్టు ఆడకపోతే ఆయనకి మాట రాదు.

"ఎడంపక్కన బ్రౌజర్ గుర్తు ఉందా? గుండ్రంగా?"

"ఉంది."

"అది తియ్యి."

మౌస్ టిక్కుటిక్కుమంది. "తీశానండీ."

"ఏం కనిపిస్తోంది?"

"ఏముంటుంది? వెనకాల పూలబొమ్మ."

"తీస్తే పేజీ రావాలే. మళ్ళీ తియ్యి."

"ఇంకేం తియ్యను? ఉన్న ఒక్కటీ తీసేశాను. చెత్తబుట్టలో వేశాను."

బావ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. నేను మిక్సీ జాడీలో మొహం పెట్టి నవ్వుకున్నాను.

"తియ్యమంటే తీసెయ్యడం కాదే! తియ్యడం! తలుపు తీసినట్టు!"

"తలుపు తీసినట్టని ముందే చెప్పాలి. కాఫీలో ఈగ పడితే 'తియ్యి' అంటారు, దాన్నీ తలుపు తీసినట్టే తీస్తున్నానా?"

"సరే. చెత్తబుట్టలోంచి తియ్యి."

"అదిగో, ఇప్పుడు తియ్యడమంటే మళ్ళీ పెట్టడమా! మీ తీయడం మీకే తెలియాలి."

ఎలాగో గుర్తు వెనక్కి వచ్చింది. పేజీ తెరుచుకుంది, అగ్గిపెట్టెంత.

"దాని వెనకాల ఇంకేమైనా విండోలు ఉంటే అవన్నీ తీసెయ్," అన్నాడు బావ.

అక్క ఒకసారి దెబ్బ తిన్న మనిషి. ఈసారి జాగ్రత్తపడింది. ఆయన తియ్యడమంటే తెరవడమేనని లెక్క వేసుకుని, కింద వరసలో ఏ గుర్తు కనిపిస్తే అది తెరుచుకుంటూ పోయింది. తెర మీద విండో మీద విండో పడి కంప్యూటర్ బిగుసుకుపోయింది. అప్పుడే ఎవరో పెద్ద పార్సిల్ మోసుకొచ్చినట్టున్నారు, అక్క గొంతు తగ్గించి, "ఉంటానండీ, మీరు తీసింది చాలు," అని ఫోన్ పెట్టేసింది.

బావ ఆ మధ్యాహ్నమంతా మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం కొత్తేమీ కాదుగానీ, ఆ రోజు పని కూడా చేయలేదు. అది కొత్త.

సాయంత్రం హఠాత్తుగా లేచి, "రేయ్, నువ్వు నా కుర్చీలో కూర్చో," అన్నాడు. ఆయన బయటికెళ్ళి, కొట్టుకి వీపు పెట్టి మెట్టు మీద నిలబడ్డాడు. నా ఫోన్ మోగింది. మధ్యలో ఒక గుమ్మమే దూరం, ఆయన ఫోన్ చేస్తున్నాడు.

"నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. తెలివి వాడకు."

"ఆ విషయంలో నీకు ఢోకా లేదు బావా."

నేనూ వదల్లేదు. "పైకి వెళ్ళు" అంటే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "దాన్ని పట్టుకుని లాగు" అంటే దేన్ని అని అడిగాను. "అది" అంటే ఏదని అడిగాను. దారినపోయే ఇస్త్రీ ఆయన ఆగి, గోడకి అటూ ఇటూ నిలబడి ఫోన్‌లో తగువాడుకుంటున్న మా ఇద్దరినీ చూసి, "ఆస్తి పంపకాలా?" అన్నాడు.

అలా ఆడుకుంటూనే ఒక సంగతి గమనించాను. కొట్లో బావ ఒక మర వదులైందంటే సరిగ్గా దానికి సరిపడే స్క్రూడ్రైవర్ ఏరి తీస్తాడు. దగ్గరలో ఉన్నదేదో పెట్టి తిప్పితే మర తల అరిగిపోతుందని నన్ను తిట్టింది ఆయనే. ఇప్పుడు మాటల్ని కూడా అలాగే ఏరడం మొదలెట్టాడు. "తియ్యి" అనే మాటని పక్కన పడేశాడు. దాని బదులు తెరువు, మూయి, లాగు, పీకు. ఒక పనికి ఒక మాటే. "అది" అనడం మానేసి "కుడిపక్క కింది మూల" అనడం పట్టుకున్నాడు. చీకటి పడేవేళకి, బుర్ర వాడకుండానే నేను విండోని తెర నిండా పరిచాను.

"అడగడం మర్చిపోయాను," అన్నాడు లోపలికి వస్తూ. "మూసేటప్పుడు అక్కడ ఏం జరుగుతోందో మీ అక్కని అడగలేదు. చెప్పడంలో పడి వినడం మానేశాను."

మర్నాడు పొద్దున్నే, ఆఫీసులో జనం చేరకముందే ఫోన్.

"ముందు ఒకటి చెప్పు. మూయబోయే ముందు నువ్వు ఏం నొక్కుతావు?"

"రసీదు అని ఉంటుంది, అది నొక్కుతాను. కాగితం కావాలా వద్దా అని అడుగుతుందని నేర్పారు. నన్నెప్పుడూ అడగలేదు, చేత్తోనే రాసిస్తున్నాను."

"నీకు ముందు ఆ కుర్చీలో ఎవరున్నారు?"

"ఒకమ్మాయి. తనకి రెండు తెరలుండేవట. మానేశాక రెండోది మేనేజర్ గదిలో పెట్టుకున్నారు."

బావ మొహంలో దీపం వెలిగింది. నాకు ఆ వెలుగు తెలుసు, ఇక వేళ్ళు కదులుతాయన్నమాట. కానీ ఆయన రెండు చేతులూ చంకల్లో దోపుకుని మాటలే వెతుక్కున్నాడు.

"కంప్యూటర్ పెట్టె వెనక్కి చెయ్యి పెట్టు. నీ తెరకి వెళ్ళే తీగ ఒకటి తగులుతుంది. దాని జోలికి పోకు. పక్కన ఇంకో ముక్క ఉందా, ఏ తెరకీ అంటకుండా?"

"ఉంది. బొటనవేలంత డబ్బా. దాని తీగ చివర ఏమీ లేదు."

"ఆ డబ్బాని పీకెయ్."

"పీకెయ్యడమంటే?"

"పన్ను పీకినట్టు."

టక్కుమని శబ్దం, వెంటనే అక్క కేక. "వచ్చిందండీ! రసీదు కావాలా, అవును, కాదు, అని చిన్న పెట్టె. ఎక్కణ్ణించి ఊడిపడింది ఇది?"

జరిగిందిది. తెర వెళ్ళిపోయినా డబ్బా మిగిలిపోవడంతో, కంప్యూటర్ ఇంకా రెండో తెర ఉందనే అనుకుంటోంది. రసీదు ప్రశ్న తీసుకెళ్ళి ఆ లేని తెర మీద అడుగుతోంది. అక్కకి ప్రశ్న కనపడదు. జవాబు రానిదే పేజీ మూసుకోదు. ఖాళీ కుర్చీకి వడ్డించి, తినలేదేమని అలిగి కూర్చున్నట్టు. ఇక అగ్గిపెట్టె సంగతంటారా, ఆ పాత బ్రౌజర్ చివరగా ఏ విండో మూసుకుంటే దాని కొలతే గుర్తుపెట్టుకుంటుంది. కంప్యూటర్ ఆపినప్పుడల్లా చివరికి పోయేది కనపడని ఆ చిన్న పెట్టె. అందుకే తర్వాత తెరిచేవన్నీ ఆ కొలతకే కుట్టిన చొక్కాల్లా వచ్చేవి.

"ఆ ప్రశ్నకి జవాబు చెప్పు. చిన్న పెట్టె మూసుకుందా? ఇప్పుడు పెద్ద విండో కుడిపక్క కింది మూల పట్టుకుని తెర అంచుదాకా లాగు. లాగావా? అన్నిటికన్నా చివర దాన్ని మూయి. మూశాక మళ్ళీ తెరువు."

మౌస్ రెండుసార్లు టిక్కుమంది. తర్వాత అక్క, కుట్టు పూర్తయిన జాకెట్టుని వెలుతురులో పట్టుకుని చూసేటప్పటి గొంతుతో, "తెర నిండా వచ్చిందండీ," అంది.

బావ నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు, అదే అన్నాడు. "అయిపోయింది."

"అయ్యో, ఏమైంది?" అంది అక్క, కావాలనే.

ఆ తర్వాత ఆవిడ దగ్గర్నించి ఫోన్ రాలేదు. నెలాఖరు రోజున బావ పొద్దుట్నించీ ఒకే కీబోర్డుని తుడుస్తూ కూర్చున్నాడు. ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా అంటే, "పనిలో ఉంటుంది" అన్నాడు. సాయంత్రం కొట్టు కట్టేసి ఇద్దరం ఇంటికి నడిచాం. అక్క మాకన్నా ముందే చేరినట్టుంది, లోపల లైటు వెలుగుతోంది. తలుపు గడియ వేసి ఉంది. ఉద్యోగం ఉన్నట్టో పోయినట్టో తలుపుని చూస్తే తెలియదు కదా. బావ గొంతు సవరించుకుని, ఇన్నాళ్ళ సాధనంతా మర్చిపోయి, మెల్లిగా తట్టాడు.

"ఏమేవ్, తలుపు తియ్యి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అడుగులు గుమ్మందాకా వచ్చి నిలబడ్డాయి.

"తెరవమంటారా, పీకమంటారా? సరిగ్గా చెప్పండి. నేనిప్పుడు ఖాయం ఉద్యోగిని, మాట తేలకుండా చెయ్యి వెయ్యను."

బావ నావైపు తిరిగాడు. ఆయన మొహం, తెర నిండా వచ్చిన విండోలా తెరుచుకుంది.

"తెరువు," అన్నాడు.