మట్టి గుండ్ల ఎన్నిక

మా ఊళ్లో చేపల సొసైటీకి ప్రెసిడెంటును ఎన్నుకోవడానికి అయిదు నిమిషాలు చాలేవి. రేపల్లె నుంచి ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, ఇసుక మెరక మీద వేసిన కుర్చీలో కూర్చుని, "ఈయన కావాలనుకునేవాళ్లు చేతులెత్తండి" అనేవారు. ఈయన అంటే షావుకారు. ఆ షావుకారు ఇన్‌స్పెక్టరుగారి కుర్చీ వెనకే నిలబడి ఉండేవాడు. చేతులు ఎన్నో లెక్కపెట్టడం ఇన్‌స్పెక్టరుగారి పని. ఎవరి చెయ్యి లేవలేదో చూసుకోవడం షావుకారు పని.

షావుకారుది మా ఊరు కాదు. పేరుకు ఒక పడవ మా ఒడ్డున కట్టేసి సొసైటీలో సభ్యుడయ్యాడు. ఆ పడవ సముద్రాన్ని దూరం నుంచి చూడటమే తప్ప ఎన్నడూ ముట్టుకోలేదు. ఆయనకు అసలు ఉన్నది ఐసు లారీ. తెల్లవారగానే బాపట్ల నుంచి ఊకలో కప్పిన ఐసు దిమ్మలతో ఆ లారీ వచ్చేది. వేటనుంచి వచ్చిన చేప ఐసులో పడితే తెనాలి మార్కెట్టు దాకా పచ్చిగా వెళ్తుంది. పడకపోతే మధ్యాహ్నానికి ఈగలకు పెళ్లిభోజనం. అందుకని అందరూ చేతులెత్తేవారు. ఇష్టం ఉన్నవాళ్లు నిటారుగా, లేనివాళ్లు చెవి దాకా ఎత్తి, అక్కడ దురద పుట్టినట్టు గోక్కునేవాళ్లు. ఇన్‌స్పెక్టరుగారు గోకుళ్లను కూడా ఓట్లలో కలిపేసేవారు.

నేను ఎనిమిదో తరగతిలో చదువు మానేశాను. చదువే నన్ను మానేసిందని మా మేష్టారు అనేవారు, ఇద్దరం ఒకరినొకరం వదిలించుకున్నాం అనుకోండి. తెనాలిలో ఒక వారపత్రిక అచ్చాఫీసులో కంపోజింగు పనికి చేరాను. చెక్క పెట్టె గళ్లలోంచి సీసం అక్షరాలు ఏరి వరసగా పేర్చడం నా పని. అరవైల చివరికి వచ్చేసరికి నాకు అందులో పదేళ్ల అనుభవం. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల్లో ఏ కాలువకు నీళ్లు రాలేదో, ఏ ఊళ్లో నర్సమ్మ సెలవు పెట్టి తిరిగి రాలేదో అన్నీ మా పత్రికలోనే. ఓనరుగారు వార్త రాసేవారు, నేను పేర్చేవాణ్ని, ఆయనే మిషను తొక్కేవారు. సాయంత్రం ఆయనే చదువుకుని బాగుందని మెచ్చుకునేవారు.

ఒకసారి ఊరెళ్లినప్పుడు మా బావ, అంటే మా అక్క మొగుడు, వల బాగుచేసుకుంటూ అన్నాడు: "ఈసారి షావుకారు మీద నేను నిలబడతారా."

"నిలబడు బావా. నీకు ఎత్తే చేతులు రెండే. అవి కూడా నీవే."

"అదేగదా నీతో చెప్తన్నా. చెయ్యెత్తకుండా ఓటేసే దారేదన్నా ఉంటే చూడు. పేపర్లో ఉన్నావుగా, ఆమాత్రం తెలీదా?"

పేపర్లో ఉండటమంటే పేపరు కింద ఉండటమని బావకు ఎలా చెప్పను? అయినా మాట పట్టుకుంది. తెనాలి వెళ్లి ఓనరుగారితో చెప్పాను. "నువ్వే రాయి, నేను దిద్దుతాను" అన్నారు. నేను రాయలేదు. తిన్నగా అక్షరాలు పేర్చుకుంటూ పోయాను, అదే నాకు రాయడం. అసెంబ్లీకి ఓటు వేసేటప్పుడు తడిక చాటున వేయనిస్తారు కదా, చేపల సొసైటీకి వచ్చేసరికి ఐసు లారీ ఎదుట చెయ్యెందుకెత్తాలి అన్నది సారాంశం. ఓనరుగారు రెండు చోట్ల దిద్ది మొదటి పేజీలో వేశారు.

మా పత్రికను రేపల్లె ఆఫీసుల్లో అందరూ చదివేవారు, తమ గురించి ఏం పడిందో చూసుకోవాలి కాబట్టి. ఇన్‌స్పెక్టరుగారు కబురు పంపారు. అమృతలూరు వైపు వ్యవసాయదారుల కుటుంబం ఆయనది, మెత్తని మనిషి. "చాటుగా వేయించడానికి నాకు అభ్యంతరం లేదయ్యా. కానీ మీవాళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ. కాగితాల మీద ఎలా?" అన్నారు.

ఇక్కడే నా తెలివి వెలిగింది. తెరచాప కట్టి వెనక రెండు కుండలు పెడదామన్నాను. ఒకటి షావుకారుది, ఒకటి బావది. ఇంటికొక ఓటు. వల అడుగున బరువుకు కట్టే మట్టి గుండ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఇంటికొక గుండు తెచ్చి, ఇష్టమైన కుండలో వేసి రావడం. ఇన్‌స్పెక్టరుగారు నా భుజం తట్టారు. ఆ తట్టు వారం రోజులు నాకు తియ్యగానే ఉంది.

ఎన్నిక రోజున తొంభై ఒక్క ఇళ్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తెరచాప వెనక్కు వెళ్లొచ్చారు. షావుకారు మొహం మొదటిసారి చిన్నబోయింది. ఎవరు ఏ కుండలో వేస్తున్నారో తెలియడం లేదు మరి. ఇన్‌స్పెక్టరుగారు రెండు కుండలూ చాప మీద వేరువేరుగా బోర్లించి లెక్కపెట్టారు. షావుకారుకు యాభై ఒకటి, మా బావకు నలభై. ఓడిపోయాడు సరే, ఏటా షావుకారుకు ఎదురు ఒక్క చెయ్యి కూడా లేవని చోట నలభై గుండ్లు. బావ మీసం తడుముకున్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు సంతకం పెట్టి కలం మూసేలోగా మా పక్కింటి పెద్దమ్మ ముందుకొచ్చి, బావ కుప్పలోంచి ఒక గుండు ఏరి చీర కొంగుతో తుడుచుకుంది.

"అదేంటి పెద్దమ్మా?" అన్నాను.

"మా గుండురా. మా కోడలు చేసిందిది. బొటనేలు నొక్కు చూడు."

"ఇప్పుడు తీసుకోకూడదు పెద్దమ్మా."

"భలేవోడివే. ఓటేశాగా. మరి మా గుండు మాకు రావద్దా? వల ఒక పక్క తేలిపోద్ది."

ఆమె వెనక ఇంకొకరు వచ్చారు, తర్వాత అందరూ. మా ఊళ్లో ఏ ఇంటి గుండ్లు ఆ ఇంట్లోనే చేసి కాల్చుకుంటారు. ఒకరు గీత గీస్తారు, ఒకరు గోరు నొక్కుతారు, ఒకరి గుండు కోడిగుడ్డులా ఉంటే ఒకరిది రేగుపండులా ఉంటుంది. పది వలలు కలిసిపోయినా ఎవరి గుండు వాళ్లు పోల్చుకుంటారు. తిరిగి తీసుకోకూడదన్న ఊహే ఎవరికీ రాలేదు. నాకు పదేళ్లుగా సీసం అక్షరాలతోనే కాపురం. ఒక 'క' పక్కన ఇంకో 'క' పెడితే దాని తల్లికి కూడా తేడా తెలియదు. మట్టి గుండ్లు కూడా అంతే అనుకున్నాను. ఇన్‌స్పెక్టరుగారికైతే అన్నీ మట్టే.

షావుకారు చేతులు కట్టుకుని బావ కుప్ప దగ్గర నిలబడి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ చూశాడు. చేతులెత్తినప్పుడు ఎవరిది నిటారో, ఎవరిది గోకుడో ఆయనకు అనుమానం ఉండేది. నా పుణ్యమా అని ఇప్పుడు అనుమానం తీరిపోయింది.

మర్నాడు లారీ వచ్చింది. యాభై ఒక్క ఇళ్లకు ఐసు దిగింది. నలభై ఇళ్ల చేప ఇసుక మీదే ఉండిపోయింది. మా అక్క ఉప్పు చల్లి ఎండబెట్టింది. ఎండుచేప ఎంతని చేస్తారు, ఒడ్డంతా అదే. బావ నాకు తెనాలికి ఒక ఎండుచేపల మూట కట్టిచ్చాడు. తిట్టినా బాగుండేది. పెద్దమ్మ మాత్రం, "నీ తెలివి తెనాల్లోనే ఉంచుకోరా నాయనా, ఈడకి లారీలో ఎక్కించమాక" అంది.

తెనాలి వెళ్లగానే మొత్తం కథ పేర్చేశాను. నా తప్పుతో సహా, షావుకారు ఐసుతో సహా. మళ్లీ ఎన్నిక పెట్టాలని చివర రాశాను. కానీ అప్పటికి మా పత్రిక మాది కాదు. ఓనరుగారికి చూపు మందగించింది, కొడుకులకు అచ్చు వాసన పడదు. ఆ నెలలోనే మద్రాసు కంపెనీవాళ్లకు అమ్మేశారు. "పేరు మార్చబోమన్నారు, ఇంకేం కావాలి?" అని మాకు ధైర్యం చెప్పారు. నిజమే, వాళ్లు పేరు మార్చలేదు. పేరు కింద ఉన్నదంతా మార్చారు. లోపలి పేజీలన్నీ మద్రాసులో తయారై రైల్లో వచ్చేవి. సినిమాతారల ఇష్టాయిష్టాలు, ముఖానికి రాసుకునే క్రీములు. తెనాలిలో మేము వేసేది తారీఖు ఒక్కటే.

మద్రాసు నుంచి వచ్చిన మేనేజరుగారు చెడ్డమనిషేం కాదు. నేను పేర్చినదంతా ఓపిగ్గా చదివారు.

"రేపల్లె దగ్గర ఐసు సంగతి ఎవరికి కావాలోయ్?"

"రేపల్లె దగ్గరవాళ్లకండి."

"అక్కడ మన పత్రిక ఎంతమంది కొంటారు?"

"కొనేది ఒకరేనండి. చదివించుకునేది ఊరంతా."

ఆయన నవ్వారు. బాగా మాట్లాడతావని కూడా అన్నారు. "మద్రాసువాళ్లు ఒప్పుకోరు, తీసెయ్యి" అన్నారు. నేను పేర్చి కూడా అచ్చు పడని మొదటి వార్త అదే. నా చేతులతోనే విడగొట్టి, ఏ అక్షరాన్ని ఆ గడిలో వేశాను. మంచి పత్రికా, చెడ్డ పత్రికా అని అంతవరకూ వాదించుకునేవాళ్లం. దాని ఓనరు సాయంత్రం మన వీధిలో నడుస్తాడా లేదా అన్నది ఎంత పెద్ద సంగతో ఆ గళ్ల ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. మా పాత ఓనరుగారు తప్పు రాస్తే, కూరల బజారులో ఎవరో ఒకరు ఆయన సంచీ పట్టుకుని అడిగేవారు. మద్రాసు సంచీని నేనెక్కడ పట్టుకోను?

పాత ఓనరుగారి ఇంటికి వెళ్లాను. ఆయన వరండాలో పెళ్లి శుభలేఖలు వేసుకునే చిన్న తొక్కుడు మిషను మిగిలింది. నా మాట విని కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"కరపత్రం వేద్దాం పట్టు. కింద నా పేరు వెయ్యి."

"మద్రాసువాళ్లు ఏమన్నా అంటారేమోనండి."

"అమ్మింది పత్రికనిరా. నోరు కాదు."

కరపత్రాలను నేనే రేపల్లె రైల్లో, బాపట్ల తాలూకా కచేరీలో, తెనాలి మార్కెట్టులో పంచాను. ఓనరుగారి పేరు చూసి జనం మడిచి జేబులో పెట్టుకున్నారు, పల్లీలు చుట్టుకోలేదు. ఇన్‌స్పెక్టరుగారిని పైవాళ్లు పిలిపించి అడిగారట. గుండ్ల ఎన్నిక రద్దుచేసి మళ్లీ పెడతానని ఆయనే మా ఊరు వచ్చి చెప్పారు. "ఈసారి నీ తెలివి ముందు పెద్దమ్మకు చూపించు" అని నాతో అన్నారు.

చూపించాను. చిన్న కాగితం, ఒక సగం మీద ఒక బొమ్మ, రెండో సగం మీద ఇంకో బొమ్మ. శుభలేఖల అచ్చుల్లో ఉన్నవి అవే కాబట్టి షావుకారుకు పూర్ణకుంభం, బావకు అరటిచెట్టు.

"పెళ్లి నాకేంట్రా?" అన్నాడు బావ.

"అక్క ఒప్పుకోదులే బావా, ఊరికే చెట్టు."

పెద్దమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. గీత, నొక్కు, ఏమీ దొరకలేదు. "వేలిముద్ర ఎయ్యమనవుగా?" అంది. వద్దన్నాను. కావాల్సిన సగం చింపి పెట్టెలో వెయ్యాలి, అక్కర్లేని సగాన్ని అక్కడే మండుతున్న పొయ్యిలో పడెయ్యాలి. "తిరిగిస్తారా?" అంది. "ఇవ్వరు." "అయితే సరే" అంది.

పొయ్యిలో కుంభాలు ఎన్ని కాలాయో, చెట్లు ఎన్ని కాలాయో నాకూ తెలియదు. పెట్టెలో మాత్రం కుంభాలు నలభై ఏడు, అరటిచెట్లు నలభై నాలుగు. మా బావ మళ్లీ ఓడాడు.

గెలిచినవాడి జట్టుకే కమిటీలో ఏడు కుర్చీలూ. నలభై నాలుగు ఇళ్లకు ఒక ముక్కాలిపీట కూడా లేదు. ఏడింటిలో మూడు ఓడినవాళ్లకు ఇస్తే సముద్రం ఎండిపోతుందా అని ఇన్‌స్పెక్టరుగారిని అడిగాను. "అది నా చేతిలో లేదయ్యా" అన్నారు. ఎవరి చేతిలో ఉందో కనుక్కుని రాయాలనుకున్నాను. రాసి ఎక్కడ వేయాలన్నది తర్వాతి ప్రశ్న. అచ్చుకు వరండా ఒక్కటే మిగిలింది, అదీ పెళ్లిళ్లు లేని రోజుల్లో.

మర్నాటి పొద్దున నేను ఊళ్లోనే ఉన్నాను. లారీ వచ్చింది. షావుకారు వెనక తలుపు దగ్గర నిలబడి, వరసలో ఉన్న తొంభై ఒక్క ఇళ్లవాళ్లను చూశాడు. ఒక మొహం దగ్గర ఆగేవాడు, పక్క మొహం చూసేవాడు, మళ్లీ మొదటిదానికి వచ్చేవాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు, అందరి మొహాలూ ఒకటే. పెద్దమ్మయితే పళ్లన్నీ చూపించి నవ్వింది కూడా. నలుగురికి ఆపితే ఆ నలుగురూ తనవాళ్లే కావచ్చు. ఆయన కూలీకి చెయ్యూపాడు. దిమ్మలు దిగడం మొదలైంది.

చివర మా బావ గంప పట్టుకుని వచ్చాడు.

"నువ్వు నాకు ఓటెయ్యలేదుగదరా" అన్నాడు షావుకారు.

"ఏశానేమోనండి" అన్నాడు బావ. "మీకెట్టా తెలుసు?"

కూలీవాడు ముందు నవ్వాడు. తర్వాత వరసంతా నవ్వింది. షావుకారు నవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి, తనూ కొంచెం నవ్వాడు. రెండు దిమ్మలు బావ గంపలో పడ్డాయి. బావ వాటిమీద ఊక సర్దుకుని, నెత్తిన పెట్టుకుని, నీళ్లు చెవుల వెంట కారుతుంటే గబగబా పడవ దగ్గరికి నడిచాడు.