అయిదు గొర్రెలు, ఏడు బంతులు

తొలకరి పడితే మట్టి వాసన వస్తుందని అందరూ పరవశించిపోయి చెబుతారు గానీ, మొన్న మొదటి వాన పడగానే మా పెరట్లో ఎండుచేపల వాసన వచ్చింది. దానికి కారకురాలిని నేనే. కాకినాడ రేవులో చిరిగి మూలపడ్డ పాత వల ఒకటి ఆటోకెత్తించి తెచ్చి, ఇంటి వెనక పావెకరం కొబ్బరితోటలో సరుగుడు గుంజలు పాతించి, నాలుగు గొర్రెల కోసం ఆ తోటని ముక్కలు ముక్కలుగా దడి కట్టించాను. ఆ వల తన జీవితకాలంలో పట్టిన చేపలన్నింటినీ వాన చినుకు తగలగానే పేరుపేరునా తలుచుకుంది. వీధిలో పిల్లులన్నీ దడి చుట్టూ సభ తీర్చాయి. మా ఆయన ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, దాని కిందనుంచి కాఫీ తాగే విద్య ఒక్క పూటలో నేర్చేసుకున్నారు.

గొర్రెలకి సూది వెయ్యడానికి వచ్చిన పశువుల డాక్టరుగారు, పాపం చిన్నవాడు, దడి చూసి ఎంతో సంబరపడ్డాడు. "దీన్ని రొటేషనల్ గ్రేజింగ్ అంటారండి మేడమ్. ఒక ముక్కలో మేపి, పక్క ముక్కలోకి మార్చాలండి. ఈలోపు మేసిన గడ్డి మళ్ళీ ఎదుగుద్ది. ఫారిన్ వాళ్ళ పద్ధతండి" అని ఫోన్లో బొమ్మలు కూడా చూపించాడు. నేను నోరెళ్ళబెట్టి విన్నాను. చిన్నవాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లకూడదు కదా. అసలు సంగతేమిటంటే, అతను పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే, ఇంగ్లీషులో ఒక్క అక్షరం ముక్క రాని మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, ఈ ఫారిన్ పద్ధతిని మా పెరట్లో నడిపేసింది.

ఆ రోజుల్లో ఆషాఢం వచ్చిందంటే మా ఊరికి నేల అనేది ఉండేది కాదు. కాలవకి నీళ్ళు వదలగానే చేలన్నీ అద్దాలైపోయేవి. ఊరు ఊరంతా అద్దాల మధ్య గట్ల మీద బతికేది. మిగిలిన పొడినేలని చాపలా చుట్టేస్తే చంకలో పెట్టుకుని పోవచ్చు. తడిసిన పిడకల పొగ కళ్ళలోకీ, ఆవపెట్టిన పనసపొట్టు ఘాటు ముక్కులోకీ, కప్పల కచేరీ చెవుల్లోకీ ఒక్కసారే దూరేవి. మునగాకు తినాలి, తినాలి అని పెద్దవాళ్ళు రోజూ పెట్టి, పిల్లలందరి నాలుకలు ఆకుపచ్చగా మారేదాకా ఊరుకునేవారు కాదు. అలాంటి ఊళ్ళో గేదెల్నే గట్టు వెంట పట్టుకు తిరిగి మేపాలి తప్ప, గొర్రెల్ని పెంచే సాహసం ఎవరూ చెయ్యలేదు.

మామ్మ చేసింది. ఆవిడ పుట్టిల్లు అన్నవరం దాటాక మెట్టలో ఉండేది. ఆ ఏడు కొండమీద వ్రతం చేయించుకుని, పుట్టింటికి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఒక చేత్తో ప్రసాదం పొట్లం, ఇంకో చేత్తో తాడు, ఆ తాడుకి వరసగా అయిదు గొర్రెలతో దిగింది. ఆవిడకి ఒక్కడే అన్న. పంటపోయి, చీర పెట్టలేక, చెల్లెల్ని వట్టి చేతులతో పంపలేక, మందలోంచి అయిదు గొర్రెల్ని తీసిచ్చాడు.

తాతయ్య అరుగు మీదనుంచి ఆ ఊరేగింపు చూసి, నోట్లోంచి చుట్ట తీశారు. "చీర పెడతాడనుకుంటే మీ అన్నయ్య గొర్రెల్ని పెట్టాడేంటే?"

"చీరైతే రెండేళ్ళకి చిరిగిపోద్దండి. ఇవి ఏటేటా పిల్లల్ని పెడతాయి" అంది మామ్మ.

తాతయ్య అక్కడే, ఎదురుగా ఉన్న పక్కచేను వీర్రాజుగారి సాక్షిగా తీర్పు చెప్పేశారు. కోతలయ్యేదాకా గొర్రెలు పెరడు దాటకూడదు. ఒక్క గొర్రె మూతి పరాయి చేలో పడిందో, ఆ వచ్చే ఆదివారమే అయిదింటినీ సంతకి తోలేస్తారు. ఇంత వయసొచ్చినా మీ పశువు మా చేలో పడిందని ఆయన గుమ్మంలోకి వచ్చి అడిగిన మనిషి లేడు. మామ్మ తాడుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. పుట్టింటినుంచి ఆవిడకి ఇక వచ్చేదేమీ లేదనీ, ఆ అయిదు తోకలే ఆఖరి సారె అనీ, తొమ్మిదేళ్ళ దాన్ని, నాకు కూడా ఆవిడ మొహం చూస్తే అర్థమైంది.

మర్నాడే పని మొదలైంది. మా వీధిలో చేపలమ్మే సత్తెమ్మ, పాతిక కొబ్బరికాయలకి రెండు పాత వలలు ఇస్తానని ఒప్పుకుని, "గొర్రెల్ని పడతారేంటండీ వలేసి? ఆయ్, మా వాళ్ళకి తెలిస్తే ఏటికి వెళ్ళడం మానేసి మీ పెరట్లో పడతారండి" అని వీధంతా వినపడేలా నవ్వింది. అరెకరం కొబ్బరితోట. నడిమధ్యన నీళ్ళ గోలెం. దాని చుట్టూ పనసతొనల్లా ఏడు ముక్కలు. ఏ ముక్కలో ఉన్నా గొర్రె గోలెంలో మూతి పెట్టచ్చు. ఒక్కో ముక్కకి బయటివైపు కొబ్బరాకుల తడిక, దానికో తాడు. తడిక తీస్తే తోట చుట్టూ తిరిగే బాట, బాట దాటితే వీర్రాజుగారి వరిచేను.

ఆ ముక్కలకి మామ్మ పెట్టిన పేరు బంతులు. పెళ్ళిలో ఒక వరస భోంచేసి లేచాక, విస్తళ్ళు ఎత్తి, నేల కడిగి, మళ్ళీ ఆకులు వేస్తే గానీ రెండో వరస కూర్చోదు. ఆ వరసే బంతి. గొర్రెలకీ అదే మర్యాద అంది మామ్మ. ఒక్కో బంతిలో మూడు రోజులు. తర్వాత పక్క బంతి. తిని లేచిన చోటు ఎంగిలి. ఆ ఎంగిలి వానకి కడుక్కుపోయి, ఎండకి ఆరి, పచ్చగా కొత్త విస్తరి పరుచుకునేదాకా అక్కడ మూతి పెట్టడానికి వీల్లేదు. ఏడు బంతులు తిరిగి మొదటి దానికి వచ్చేసరికి ఇరవై ఒక్క రోజులు. "మర్యాదస్తులు విస్తరి నాకరు, రెండంగుళాలు వదులుతారు" అని ఆవిడ గొర్రెలకి ముఖాముఖీ చెప్పడం నేను చెవులారా విన్నాను. గొర్రెలు తలలూపాయి కూడా.

శ్రావణం నడిచింది. శుక్రవారప్పూట బూరెల వాసనకి గొర్రెలు వల కన్నాల్లోంచి మూతులు బయటపెట్టేవి. మొదటి చుట్టు అద్భుతంగా తిరిగింది. గరిక మోకాలెత్తు లేచిందని నేను బళ్ళో చెబితే, నడుమెత్తు అని మా తమ్ముడు చెప్పాడు, నన్ను మించి. కానీ రెండో చుట్టులో ఏదో తేడా కొట్టింది. బంతి బంతికీ గడ్డి పొట్టిదైపోతోంది. మూడు రోజులకి ఉండాల్సింది రెండు రోజులకే అయిపోతోంది. విశ్రాంతిలో ఉండాల్సిన నేల ఎవరో నమిలి ఊసినట్టుంది. మామ్మ గట్టిపడిన మొహంతో ఆకాశాన్నీ, కాలవనీ, చివరికి వల వాసనకి చేరిన పిల్లుల్నీ అనుమానించింది.

అనుమానించాల్సిన మనిషి అరుగు మీదే ఉన్నారు. తాతయ్య చుట్టుపక్కల ఊళ్ళలో వడ్డనకి పెట్టింది పేరు. ఏ పెళ్ళి బంతిలోనైనా ఆయన నేతిగిన్నె పట్టుకుని దిగితే, చాలు బాబోయ్ అన్న మనిషి బతికి బట్టకట్టలేదు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించేవారు. ఆకు మీద బోర్లా పడుకుంటే వీపు మీద బొబ్బట్టు పెట్టేవారని చెప్పుకునేవారు. అలాంటి మనిషికి, అయిదు గొర్రెలు ఖాళీ విస్తరి ముందు కూర్చుని మొహంలోకి చూసి 'మే' అంటే ఎలా ఉంటుందో మామ్మ ఆలోచించలేదు. భోజనమయ్యాక ఆవిడ కునుకు తీసే వేళ, తాతయ్య లంక చుట్ట వెలిగించుకుని తోటలోకి వెళ్ళడం, అటూ ఇటూ చూడడం, తడిక తీసి గొర్రెల్ని రాబోయే బంతిలోకి పంపడం, చుట్ట కాలేంతసేపు మేపి మళ్ళీ వెనక్కి తోలడం, ఇదంతా నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. లంచంగా నాకు రోజూ ఒక తాటిబెల్లం ముక్క ముట్టేది.

వినాయక చవితి పత్రి కూడా గొర్రెలకే నైవేద్యమైన రెండోరోజు, నేను బడినుంచి అన్నానికి వచ్చిన వేళ, వీర్రాజుగారు తలపాగా తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "ఏవీ అనుకోకండి పెద్దయ్యగారూ. తమరి గొర్రెలు మా చేలో ఫలహారం చేత్తన్నాయండి. తొందరేం లేదండి, అయ్యాకే పిలిపించుకోండి."

తాతయ్య అరుగు దిగి పరుగెత్తడం అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. గొర్రెల్ని తోలుకొచ్చి, తడిక దగ్గర ఒక్క క్షణం వంగి ఏదో చూసి, తాడు బిగించి కట్టి, ఇంట్లోకి వచ్చి, "ఆదివారం సంత" అన్నారు. అంతే.

మామ్మ ఏడవలేదు. కొంగు బిగించి తోటలోకి వెళ్ళి, విశ్రాంతిలో ఉన్న బంతులన్నీ గడ్డి గడ్డీ వెతికి వచ్చింది. మధ్యాహ్నం తాతయ్యకి అరిటాకు వేసింది. పప్పు, కూర, పచ్చడి, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ వడ్డించింది. ఉప్పు ఉండాల్సిన మూల మాత్రం నాలుగు చుట్ట పీకలు పెట్టింది.

తాతయ్య వాటిని చూశారు. "ఏంటివి?"

"నాలుగో బంతిలో రెండు, అయిదులో రెండు దొరికాయండి. అక్కడ ఇంకా ఆకులే వెయ్యలేదు. పిలవకుండా ఎవరు కూర్చున్నారో మరి."

తాతయ్య పీకల్ని ఆకు అంచుకి జరిపి తలెత్తారు. "మొహంలోకి చూసి అరుస్తాయే. ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టి ఎలా ఊరుకుంటాం? ఒక్క మారు వడ్డించాను, తప్పేంటి?"

"మారు వడ్డించారు. రేపటి బంతికి వండింది ఇవాళే వడ్డించేశారు."

తాతయ్య మళ్ళీ అన్నం కలపబోయి ఆగారు. "ఇవాళ తడిక ముడి సరిగ్గా వెయ్యనిది కూడా నేనే" అన్నారు.

అది అబద్ధం. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున ఆయన్ని చూసి నేనూ ఒక మారు వడ్డించాను. గొర్రెల్ని వెనక్కి తోలి, తడికకి నా జడ రిబ్బనుకి వేసే పువ్వుముడి వేసి, ముచ్చటపడి బడికి పోయాను. ఒక కొస లాగితే ఊడే ముడి. ఆకలి మీదున్న గొర్రెకి కొస లాగడం ఎంతసేపు? తడిక దగ్గర వంగినప్పుడు తాతయ్య చూసింది ఆ తాడులో మిగిలిన సగం పువ్వునే.

భోజనం నుంచి లేచి తాతయ్య నేరుగా వీర్రాజుగారి ఇంటికి వెళ్ళారు. ఎవరి గుమ్మంలోనూ తలవంచని మనిషి, తప్పు గొర్రెలది కాదు నాది అని చెప్పారు. వీర్రాజుగారు తల గోక్కుని, "ఆయ్, అయితే ఆదివారం సంతకి ఎవర్ని తోలాలండి మరి?" అన్నారట. అరుగు మీద నవ్వులు మా ఇంటిదాకా వినపడ్డాయి. గొర్రెలు ఉండిపోయాయి. దెబ్బతిన్న బంతులకి మామ్మ పూర్తి విశ్రాంతి ఇచ్చింది. ఆ లోటు పూడ్చడానికి తాతయ్య కోతలదాకా రోజూ కాలవగట్టున గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకుని, నోట్లో చుట్టతో, దేవుడి ఊరేగింపంత నెమ్మదిగా వచ్చేవారు. మొదటిరోజు నా పక్కనుంచి వెళుతూ, నా జడ ఒక్కసారి లాగి, "జడకి వేసే ముడి గొర్రెకి పనికిరాదే అమ్మాయ్" అన్నారు. సాయంత్రం గొర్రెకి వేసే ముడి నేర్పారు.

ఇప్పుడు కాలవగట్టుకి సిమెంటు వేశారు. లంక చుట్ట వాసన ఎక్కడా తగలదు. మొన్న మండపేటలో పెళ్ళికి వెళితే, బంతి లేదు, ఆకు లేదు. ప్లేటు చేత్తో పట్టుకుని నాలుగొందల మందిమి కంచె లేని మందలా తిరిగి, ఎక్కడ ఏది కనపడితే అది కొరికి వచ్చాం. ఇంకొంచెం వేసుకోమని బతిమాలే మనిషి ఒక్కడు లేడు. వరసగా కూర్చుని తిని, లేచి, పక్క చోటుకి తరలేవి మా ఊళ్ళో ఇప్పుడు నా నాలుగు గొర్రెలే.

నిన్న మధ్యాహ్నం మూడో బంతి గడ్డి అయిపోవచ్చింది. మార్చడానికి ఇంకా ఒక రోజుంది. డాక్టరుగారు గట్టిగా చెప్పి వెళ్ళాడు, ముందు మార్చకండి మేడమ్ అని. ముసలి గొర్రె వల దగ్గరికి వచ్చి, నా మొహంలోకి చూసి, 'మే' అంది. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. నేను చుట్ట కాల్చను కాబట్టి ఎంతసేపు మేపానో చెప్పలేను గానీ, ముడి మాత్రం తాతయ్య నేర్పిందే వేశాను.